పలిస పిట్టల రంగు

కురుమయ్య అంటే నాకు ఇష్టం లేదు. ఈ మాట మొదటే చెప్పేయడం మంచిది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు చెడును పక్కకు నెట్టి మంచిని ఏరుకునే అలవాటు మనకుంది. కురుమయ్య విషయంలో అట్లా ఏరుతూ కూర్చుంటే చివరికి ఆయనే మిగలడు.

1956లో కల్వకుర్తికి ఏడు మైళ్ళ దూరంలో ఉన్న ఒక ఊరికి బడిపంతులుగా వెళ్ళాను. కిరాయికి దొరికిన గది కురుమయ్య ఇంట్లోది. నేతపని ఆయనది. ముందు గదిలో గుంట మగ్గం, వెనక వంటిల్లు, పక్కన నా గది. అప్పటికి ఆయనకు నలభై దాటి ఉంటాయి. ఎండిన కట్టెలాంటి మనిషి. ఎవరితో మాట్లాడినా వాళ్ళు తన పని చెడగొట్టడానికే వచ్చినట్టు చూసేవాడు. నేను సామాను దించుకుంటుంటే ఆయన నాతో అన్న మొదటి మాట, "పెరటి దిక్కు కిటికీ తెరువకు. గువ్వలు బెదురుతయ్."

తెల్లవారకముందే లేచి, తలమీద గోనెపట్టా కప్పుకొని, చంకలో కాగితాలతో వాగు దిక్కు పోయేవాడు. పిట్టల బొమ్మలు గీసేందుకు. ఆ కాగితాలు నూలు కట్టల మీద చుట్టి వచ్చే మందపాటి నీలి కాగితాలు. గీసేది కాల్చిన చింతపుల్లతో. నేర్పినవాళ్ళు ఎవరూ లేరు. ఒక్క పిట్ట కోసం ఉలకకుండా పలకకుండా రెండు గంటలు కూర్చునేవాడు. మెడ తిప్పినప్పుడు ఒక గీత, రెక్క విదిల్చినప్పుడు ఒక గీత. ఒక్కో కాగితం మీద ఒకే పిట్ట పదిసార్లు, సగం సగంగా.

ఆయనది ఒక విచిత్రమైన పద్ధతి. నడుముకు ఒక సంచి కట్టుకునేవాడు. అందులో ఊళ్ళో అద్దకం వేసే ప్రతి రంగు నూలుదీ ఒక్కో తునక. పిట్టను చూస్తూ పోగు వెనక పోగు తీసి కంటి ముందు పట్టుకునేవాడు. పిట్ట రంగుతో పోగు రంగు కలిసిపోతే, బొమ్మలో ఆ చోట కాగితానికి రెండు తూట్లు పొడిచి ఆ పోగును గుచ్చేవాడు. ఇంటికొచ్చాక గంజిపెట్టి రాయితో నున్నగా రుద్దిన కోరాగుడ్డ మీద, తుమ్మజిగురులో కలిపిన రంగులతో పెద్ద బొమ్మ వేసేవాడు. కలిపిన రంగు మీద ఆ పోగును పెట్టి చూసేవాడు. పోగు కనబడకుండా పోవాలి. కనబడితే రంగు తప్పినట్టే. గుడ్డతో తుడిచేసి మళ్ళీ కలిపేవాడు.

"ఒకసారి చూస్తే గుర్తుండదా?" అని అడిగాను.

"సూసిన రంగు కంట్ల నిలవది పంతులూ. నిలుస్తదన్నోడు అబద్ధమాడుతుండు. అద్దకం జేసెటోన్ని అడుగు పో."

ఊళ్ళో ఆయన నలుగురికీ ఆట. నీళ్ళ కాడ ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. "ఏం కురుమయ్యా, ఇయ్యాల ఎన్ని పిట్టలకు చీరెలు నేసినవ్?"

"నీ ఇంటామె కట్టిన చీరె సూసినంక, పిట్టలకు నేసుడే నయమనిపిచ్చింది."

నవ్వుతూ అడిగినవాడు నవ్వు మానేసేవాడు. ఆయన మాటకు మాట అనడమే కాదు, తగిలిన చోట మళ్ళీ ఒకసారి తాకించి పోయే రకం. భార్య లీలమ్మ కూడా తక్కువది కాదు. వాకిట్లో మగ్గానికి నూలు కండెలు చుడుతూ నాకు వినబడేలా అనేది: "పదునారేండ్లాయె మా పెండ్లయి. నా మొకం ఏ రంగో ఈయనకు ఎరుకనా? జర అడుగుండ్రి పంతులూ."

మగ్గం గుంటలోంచి జవాబు వచ్చేది. "దినానికో తీరుంటది. కోపం తక్కువున్న దినం జెప్త."

వాగు గట్టున లకుముకిని వేశాడు, తాటివనంలో పాలపిట్టను వేశాడు, చెలకల్లో కౌజుపిట్టలను వేశాడు. ఆయనకు చిక్కనిది పలిస ఒక్కటే. చలికాలం మొదలవుతూనే ఎక్కడినుంచో మబ్బులా వచ్చి జొన్నచేల మీద పడే పిట్ట అది. నల్లటి తల, నల్లటి రెక్కలు, నడుమ ఒళ్ళు ఒక వింత గులాబీ రంగు. దూరాన ఎగిరితే తెల్లగా తోస్తుంది, చెట్టు మీద వాలితే ఉల్లిపొరలా ఉంటుంది. కంకి మీద వాలి, తల వంచి, గింజ పొడిచేటప్పుడు ఎట్లా ఉంటుందో దగ్గర నుంచి చూడాలని, అట్లాంటి మందకు మందను ఒకే గుడ్డ మీద వెయ్యాలని నాలుగేళ్ళుగా ఆయన పట్టుదల. కానీ ప్రతి చేనులో మంచె ఉంటుంది, మంచె మీద మనిషి, మనిషి చేతిలో వడిసెల. పిట్ట కంకి మీద కాలు పెట్టేలోపు రాయి వస్తుంది. పోగు తీసి పట్టుకునే వ్యవధి ఎవరిస్తారు?

వాగు అవతల నల్లరేగడిలో ఉప్పలమ్మ రెండెకరాలు పాలుకు, పంటలో వాటా ఇచ్చే లెక్కన, చేసేది. భర్త పోయాడు. ఇంట్లో ఆమె, ముసలి అత్త నాగులమ్మ. ఆ జొన్నలే వాళ్ళకు ఏడాది తిండి. చేను చివర తుమ్మ మోళ్ళ పక్కన పలిసలు దిగే వాటం ఉందని కురుమయ్య ఆ చేను ఎంచుకున్నాడు. 1957 డిసెంబరులో ఒకరోజు పొద్దున నేనూ వెంట వెళ్ళాను. ఆయన మోళ్ళ చాటున గోనె కప్పుకొని కూర్చున్నాడో లేదో మంచె మీది నుంచి ఉప్పలమ్మ కేక.

"ఎవలది? గోనె కప్పుకున్న గొడ్డెవలది?"

"నేనే, కురుమయ్యను. నీ చేనును ముట్ట. జర సేపు వడిసెల ఆపు."

"ఆపితె?"

"పిట్టలు దిగుతయ్. సూస్త."

"దిగితె తింటయ్ కదనే!"

"తింటె ఎన్ని తింటయి? పిట్ట కడుపెంత?"

"నీ కడుపు సూసి జెప్తున్నవా? ఒక్కటైతె పెడ్త, సుట్టమనుకుంట. అవి వెయ్యి! నడు, నడు. లేకుంటె మొదటి రాయి నీకే."

ఆయన లేవలేదు. రాయి వచ్చింది. పక్కనున్న మోడుకు తాకి బెరడు లేచింది. అప్పుడు లేచాడు. "ఎద్దు మొద్దు తెలివి, ఆడిదానికి" అని గొణిగాడు. ఆమె చెవిలో పడింది. ఆ తర్వాత ఆమె అన్న మాటలు ఇక్కడ రాయలేను.

నెలరోజులు తిరక్కముందే నాగులమ్మకు జ్వరం ముదిరింది. బండి కట్టించుకొని కల్వకుర్తి దవాఖానకు తీసుకుపోవాలి. చేను ఎవరికప్పగించాలి? పక్క చేను ధర్మయ్య ఒప్పుకున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, కాళ్ళు సరిగా రావు, బావి గడ్డ మీద కూర్చునే ఉంటాడు. ఉప్పలమ్మ చేను నడుమగుండా ఒక పొడుగాటి తాడు ఉండేది. దానికి రాళ్ళు వేసిన డొక్కు డబ్బాలు కట్టి ఉండేవి. ఒక కొస గుంజితే చేనంతా గలగలమనేది. ఆ తాడు కూడా లీలమ్మ ఇచ్చిన పాత నూలుతో ఉప్పలమ్మ పేనుకున్నదే. కొసను ధర్మయ్య చేతి వరకు లాగి, "మామా, పిట్ట కనబడితె గుంజు, ఆపకు" అని చెప్పి ఆమె బండెక్కింది.

ఊరందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ధర్మయ్యకు చెవులు వినబడవు.

ఆ రోజు పొద్దున్నే కురుమయ్య మొదటి డబ్బాకు ఇవతల తాడు కోసి, ధర్మయ్య వైపు కొసను తుమ్మ మోడుకు చుట్టాడు. ముసలాయన గుంజితే చేతికి బిగువు తగులుతుంది, డబ్బా మాత్రం మోగదు. పలిసలు దిగాయి. ధర్మయ్య గుంజాడు. పిట్టలు లేవలేదు. ఇంకా గట్టిగా గుంజాడు. పొద్దు బారెడు ఎక్కేదాకా గుంజుతూనే ఉన్నాడు. ఇటు కురుమయ్య పదకొండు కాగితాలు నింపాడు.

బడికి బయలుదేరుతున్న నాకు ఆయన వాకిట్లో ఎదురయ్యాడు. మోకాళ్ళ దాకా రేగడి మట్టి. నేను ఆ ఊళ్ళో ఉన్న మూడేళ్ళలో ఆ ఒక్కసారే ఆయన ముఖంలో నవ్వు చూశాను. "దొరికిందయ్యా పంతులూ, ఒళ్ళు రంగు. ఒక పోగు గాదు, ఏడు పోగులు. మెడ కింద ఒక తీరు, నడుము మీద ఒక తీరు" అని కాగితాలు నా ముందు పరిచాడు. నేను చూశాను. చాలా బాగున్నాయి. ఏ చేను అని అడగలేదు.

సాయంత్రానికి ఉప్పలమ్మ అత్తకు మందిప్పించుకొని తిరిగొచ్చింది. మరునాడు చావడిలో పంచాయితీ. సర్పంచు రఘుపతి కుర్చీలో, మిగతావాళ్ళం అరుగుల మీద. ఉప్పలమ్మ ఖాళీ కంకులు ఒళ్ళో పోసుకొచ్చి ధర్మయ్య ముందు గుమ్మరించింది.

"మామ అని నమ్మిన. నిద్రపోయినవ్ కద ముసలోడా!"

"ఆఁ? ఏమంటుంది?"

పక్కవాడు చెవిలో అరిచాడు. ధర్మయ్య లేవబోయి కూలబడ్డాడు. "నేను నిద్రపోయిన్నా? గుంజి గుంజి సెయ్యి వాసింది, సూడుండ్రి!"

"మరి డబ్బాలు మోగినయా?" అని అరిచాడు రఘుపతి.

"మోగితె నాకినవడ్తదా?"

చావడంతా నవ్వింది. ఉప్పలమ్మ నవ్వలేదు. "ఏడాది గింజ అది. ఇప్పుడు అయిదు నెలలకు రాదు. నవ్వుండ్రి, మంచిగ నవ్వుండ్రి" అంది.

కోత కాగానే ధర్మయ్య తన చేలోంచి రెండు బస్తాలు ఇవ్వాలని తీర్పయింది. కురుమయ్య గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. పెదవి కదపలేదు. నేనూ కదపలేదు. ఆయన మోకాళ్ళ మట్టి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన మీద ఇంత కోపం ఇంకా నాలో ఉండడానికి అది కూడా ఒక కారణమేమో.

ధర్మయ్యకు ఆ రాత్రి అన్నం దిగలేదట. మర్నాడు తెల్లవారి, రాని కాళ్ళను ఈడ్చుకుంటూ, తాడు పొడుగునా చేత్తో తడుముకుంటూ పోయాడు. కాపువాళ్ళు వేసే ముడులు చేతికి ఉసిరికాయల్లా తగులుతాయి. ఒకచోట మాత్రం తాడు కాస్త గట్టిగా తగిలింది, అట్లాంటి ఉబ్బు లేదు. కళ్ళకు దగ్గరగా తెచ్చుకొని చూశాడు. తెగిన తాడును మళ్ళీ కలుపుతూ, సన్నగా, చదునుగా, కొసలు పంటితో కొరికిన ముడి. ఆ ముక్కను కోసి ధోవతి కొంగులో కట్టుకొచ్చాడు.

మళ్ళీ చావడి. నేతవాళ్ళ సొసైటీకి పెద్ద రామచంద్రం, ఆయనా మగ్గం మీది మనిషే. ఆ ముక్కను రెండు వేళ్ళ నడుమ తిప్పి చూశాడు. తర్వాత, "మాదే ఈ ముడి" అన్నాడు. "మగ్గం మీద కూసున్నోడు తప్ప వేరేటోడెవ్వడు ఇట్లెయ్యడు."

నేతవాళ్ళలో చేల వెంట తిరిగేవాడు ఊళ్ళో ఒక్కడే. తలలన్నీ గోడ దిక్కు తిరిగాయి.

"నేనే" అన్నాడు కురుమయ్య.

"ఎందుకు తెంపినవ్?" రఘుపతి అడిగాడు.

"పిట్టలు దిగాలని."

"దొంగపని జేసి పోయెటోనివి పోక, మల్ల ముడెందుకేసినవ్?"

కురుమయ్య తబ్బిబ్బయ్యాడు. ఆ సంగతి తనకూ అప్పుడే తట్టినట్టు తన చేతులకేసి చూసుకున్నాడు. "తెగి ఉన్నది కద" అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. రామచంద్రం లేచి నిలబడ్డాడు. "నిన్న గీ ముసలాయనను తిడుతుంటె నోట్ల ఏం బెట్టుకున్నవ్ రా?"

క్షమించమని ఒక్క మాటంటే ఊరు అక్కడితో సర్దుకునేది. కురుమయ్య నోటి నుంచి అట్లాంటి మాట రాదు. "ధర్మయ్య చెవుల సంగతి నాకెరుకనే. గందుకే గా దినం పోయిన" అన్నాడు.

"ఏమన్నడు? ఏమన్నడు?" ధర్మయ్య పక్కవాణ్ణి గుంజుతున్నాడు. ఆ మాట ఆయన చెవిలో అరవడానికి ఎవరికీ మనసు రాలేదు.

ధర్మయ్య మీది తీర్పు కొట్టేసి, కురుమయ్య నుంచి ఏం కావాలని ఉప్పలమ్మను అడిగారు.

"ఆయన జొన్నలు నాకొద్దు. కోత దాక నా మంచె మీద కూసోవాలె. పిట్టను గొట్టాలె. గా కాయితాలు నాకియ్యాలె."

"కాయితాలెందుకమ్మా నీకు?"

"నా చేను మేసి అయినయ్ అవి. నాయే."

కురుమయ్య గోడ దగ్గర నుంచి ముందుకు వచ్చాడు. "మంచె ఎక్కుత. బస్తాలియ్యిమంటె నేసి ఇస్త. కాయితాలియ్య."

"కాయితాలే గావాలె."

ఆయన కదల్లేదు. ఆడవాళ్ళ నడుమ కూర్చున్న లీలమ్మ లేచి, ఎవరి దిక్కూ చూడకుండా ఇంటికి పోయి, పదకొండు కాగితాలూ తెచ్చి ఉప్పలమ్మ ఒళ్ళో పెట్టింది. ఆ ఇంట్లో నాకు మళ్ళీ భార్యాభర్తల మాటలు వినబడటానికి ఎండాకాలం రావలసి వచ్చింది.

ఆ కాగితాలను ఉప్పలమ్మ ఏం చేసిందో మూడో రోజు చూశాను. డబ్బాల తాడుకే, డబ్బాకు డబ్బాకు నడుమ, ఒక్కొక్కటిగా కట్టింది, పిట్టలు బెదరడానికి. గాలికి అవి పటపటలాడుతున్నాయి. మంచె మీద కురుమయ్య. తాడు ఆయన చేతిలో.

నలభై రోజులు కూర్చున్నాడు. అంతటి కావలిమనిషి ఆ చుట్టుపక్కల లేడని తేలింది. మంద ఏ దిక్కు నుంచి వస్తుందో, ముందొచ్చే రెండు పిట్టలు ఎక్కడ వాలి చూస్తాయో ఆయనకు తెలుసు. మంద ఇంకా తాటిచెట్ల మీద ఉండగానే తాడు గుంజేవాడు. ఒక్కటీ దిగేది కాదు, ఒక్కటీ దగ్గరకు వచ్చేది కాదు. అయినా ప్రతి సాయంత్రం ఉప్పలమ్మ చేనంతా తిరిగి కంకులు తడిమేది.

"గా మూలకు నాలుగు పోయినయ్. కునికినవా?"

"అవి కాకులు. పలిసలు గావు."

"ఏవైతేంది? నోరున్నయే."

మంచుకూ ఎండకూ కాగితాలు వెలిశాయి. బొగ్గు గీతలు రాలిపోయాయి. ఆ నూలు పక్కారంగుది కాదు. పోగులన్నీ ఒకే మట్టిరంగుకు దిగిపోయాయి. కోత రోజున ఉప్పలమ్మ తాడు చుట్టేస్తూ, మిగిలిన పేలికలను మంచె కింద వదిలేసి పోయింది. ఆయన వాటిని ఏరుకోలేదు.

ఆ ఏడు తిండికి చాలక ఉప్పలమ్మ కూలికి పోయింది. ఎదురుపడితే ఇద్దరూ చెరో పక్కకు ముఖం తిప్పుకునేవారు.

వానలు పడి మగ్గం గుంటలో నీళ్ళు ఊరాయి. నేత ఆగింది. కురుమయ్య రెండు బారల కోరాగుడ్డ గోడకు బిగించి బొమ్మ మొదలుపెట్టాడు. గీతలకు కాగితాలు అక్కరలేకపోయాయి. చేతికి తెలుసు. ఒక మూల నుంచి ఒక మూలకు జొన్నచేను, కంకి కంకికీ పిట్ట. ఒకటి తలకిందులుగా వేలాడుతోంది, ఒకటి పక్కదాని నోటి గింజ లాక్కుంటోంది. తలలు నల్లగా, రెక్కలు నల్లగా నింపాడు. ఒళ్ళు మాత్రం వదిలేశాడు. రెండు వందల పిట్టలు, నడుమ ఉత్త తెల్లగుడ్డ.

"ఉజ్జాయింపుగా వెయ్యరాదా? ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"నాకు" అన్నాడు. "చలికాలం రానీ. మల్ల సూస్త."

చలికాలం వచ్చింది. పలిసలూ వచ్చాయి. కురుమయ్యను మాత్రం ఏ చేను గట్టుకూ రానివ్వలేదు. వాగు దాటితే చాలు, మంచెల మీద మనుషులు లేచి నిలబడేవాళ్ళు. ఒక మంచె కేక వేస్తే పక్క మంచె అందుకునేది. ఒకరోజు కనుబొమ మీద రక్తం కారుతూ ఇంటికొచ్చాడు. లీలమ్మ పసుపు అద్దుతూ, "పిట్టకు తాకనిది నీకు తాకిందా" అంది. నాకు జాలి కలగలేదు. కలిగి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఆ వారంలోనే ఉప్పలమ్మ మా వాకిట్లోకి వచ్చింది, ఆ ఏడు తాడుకు పాత నూలు కోసం. ఆమెకూ లీలమ్మకూ పొరపొచ్చాలు లేవు. లీలమ్మ నూలు తీస్తుంటే ఉప్పలమ్మ గడప కాడి నుంచి లోపలికి తొంగిచూసింది. గోడ మీద బొమ్మ. మగ్గం ముందు కురుమయ్య, తల తిప్పకుండా. నేను నా గది గుమ్మంలో ఉన్నాను.

ఆమె బొమ్మ దగ్గరకు పోయి నిలబడింది. పిట్టల వంక చూడలేదు. వంగి వంగి కంకులు చూసింది. పైన గింజ పోయి కింద మిగిలినవి, ఒక పక్క బోడిగా ఒక పక్క నిండుగా ఉన్నవి, విరిగి వేలాడేవి. వేలితో ఒకదాని మీద రాసింది.

"నా చేనే ఇది" అంది. "గీ మోళ్ళ కాడి సాలు. తిన్న కంకి గట్లనే ఉంటది. సక్కగ ఏసినవ్."

కురుమయ్య మగ్గం మీద నుంచి లేచాడు. ఎవరినీ ఏదీ అడగని మనిషి ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మంచె మీద నువ్వు ఇరవై ఏండ్ల సంది కూసుంటున్నవ్. అవి నీ నెత్తి మీదికెల్లే పోతయ్. గీ నడుమ ఏ రంగుంటది, నువ్వు జెప్పు."

ఉప్పలమ్మ ఆ తెల్ల మచ్చల వంక చూసింది. నిజంగానే ఆలోచించింది, ఆ మాట మటుకు చెప్పగలను. తర్వాత నూలు కొంగులో మూటగట్టుకుంది.

"నాకేమెరుక? నేను వాటిని కొట్టుడే గని, సూసింది లేదు."

గడప దాటుతూ ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది: "మా చేను దిక్కు మాత్రం రాకు. ఈసారి గురి తప్ప."

ఆ వేసవిలో నాకు షాద్‌నగర్ బదిలీ అయింది. సామాను బండికెక్కిస్తుంటే కురుమయ్య మగ్గం గుంటలోంచి లేచి రాలేదు. పిట్టల ఒళ్ళు అప్పటికీ తెల్లగానే ఉంది.